కార్బురేటరు మొరాయించినపుడు

పొలముగట్టున నీరుతోడు చిన్న పెట్రోలు ఇంజను, నాలుగు నెలలు కొట్టములో ఊరక పడియుండిన పిమ్మట, ఎన్నిమారులు త్రాడు లాగినను ఉలుకక పలుకక యుండినచో, దోషము తరచుగా కార్బురేటరునందే యుండును.

దీని వాయుమార్గము నడుమ సన్నగిలును. అచ్చట గాలి వేగము హెచ్చి పీడనము తగ్గుటచేత, క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అను సూక్ష్మరంధ్రము గుండ పైకెగసి, తుంపరయై గాలితో కలియును. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా దహించుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి వలయును. నిలువయున్న పెట్రోలు ఆవిరికాగా మిగిలిన జిగురు ఆ రంధ్రమును పూడ్చివేయును.

ఇంజను చల్లారిన పిదప పెట్రోలు కుళాయి కట్టి, ప్లగ్గు తీగ ఊడదీసి, గిన్నె అడుగు బోల్టు విప్పవలెను. జెట్టును ఊడదీసి వెలుతురునకెత్తి చూచిన, గుండ్రని వెలుగుచుక్క కానరావలెను. కానరానిచో క్లీనరు చల్లి గాలి ఊదవలెను. ఇనుపసూదితో పొడుచుటకు మాత్రము నేనెన్నడును సమ్మతింపను: ఇత్తడి మెత్తని లోహము, రంధ్రము ఒక్క పిసరు పెద్దదైనను ఇంధనపు కొలత శాశ్వతముగా తప్పును.

కార్బురేటరును ఇంజనునుండి విప్పియుండినచో, మరల బిగించునపుడు క్రొత్త గ్యాస్కెటు వేసి, దాని రెండు నట్లను కొంచెము కొంచెముగా మార్చి మార్చి బిగింపవలెను. గాలిని తగ్గించు చోకు మూసినగాని ఇంజను నడువదేని, జెట్టింకను పూడియుండుటయో, గ్యాస్కెటు సందున గాలి చొరబడుటయో కారణము. గిన్నెనుండి పెట్రోలు కారినచో గిన్నెలోనికి పెట్రోలు రాకను ఆపు ఫ్లోటు సూదిని పరీక్షింపుడు.

ఇంజనును దాచునాడు కుళాయి కట్టి, అది తనంతట ఆగువరకు నడపుడు.