తెరమీది మున్సిపల్ గుమ్మం

చూపులేని ఒక ఉపాధ్యాయుడు ఇంటిపన్ను కట్టడానికి కంప్యూటరు ముందు కూర్చున్నాడనుకోండి. నెలాఖరులోగా చెల్లించిన వారికి రాయితీ ఉన్నది. మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కనక్కరలేదు. గుమాస్తా భోజనం ముగించి వచ్చేదాకా కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. పురపాలక సంఘం వెబ్‌సైటు తెరిచి, అసెస్‌మెంటు నంబరు టైపు చేసి, బ్యాంకు ఖాతానుంచి సొమ్ము చెల్లిస్తే సరి. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆయన వద్ద ఉన్నది. దానితో ఆయన రోజూ వార్తలు చదువుతాడు, ఉత్తరాలు రాస్తాడు.

కాని ఈ వెబ్‌సైటులో ఆయనకు వినిపించేది వేరు. "బొమ్మ. లింకు. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి." ఎక్కడ నొక్కితే ఇంటిపన్నో, ఎక్కడ నొక్కితే కుళాయిపన్నో తెలియదు. తంటాలుపడి సరైన పేజీకి చేరితే, "ఖాళీ గడి, ఖాళీ గడి" అంటుంది యంత్రం. ఏ గడిలో ఏమి నింపాలో పక్కనే రాసి ఉన్నది. అయితే ఆ మాటలకూ గడికీ ముడివేసినవారు లేరు. చివరకు వంకరటింకర అక్షరాల బొమ్మ ఒకటి ఎదురవుతుంది. మీరు యంత్రం కాదని రుజువు చేసుకొనేందుకు ఆ అక్షరాలను టైపు చేయమంటుంది. యంత్రాలు చదవకూడదనే గీసిన బొమ్మను, యంత్రం సాయంతో చదివే మనిషి ఎట్లా చదువుతాడు? ఆయన ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

ఇక పక్కింటి కుర్రవాణ్ణి పిలవాలి. ఖాతా వివరాలు, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అతని చేతిలో పెట్టాలి. ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు పదే పదే హెచ్చరించే ఆ అంకెలను చెప్పక తప్పదు. కుర్రవాడు మంచివాడే కావచ్చు. పన్ను కట్టిన ప్రతిసారీ, జననపత్రం తెచ్చుకొన్న ప్రతిసారీ ఒక మంచివాణ్ణి వెదుక్కోవలసి రావడమే అసలు బాధ.

ఇది ఏ కొద్దిమంది సమస్యో కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో చూపు లోపించినవారు 50 లక్షలకు పైగా, వినికిడి లోపించినవారు దాదాపు అంతేమంది, అవయవాల కదలిక లోపించినవారు 54 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వికలాంగుల సంఖ్య 22 లక్షలు దాటినది. ఈ లెక్క కొత్త చట్టానికి ముందటిది. 2016లో వచ్చిన కొత్త చట్టం గుర్తించిన వైకల్యాలు 7నుంచి 21కి పెరిగినవి. ప్రభుత్వ భాషలో వికలాంగులు ఈలోగా దివ్యాంగులైనారు. పేరు మారినంత త్వరగా పేజీలు మారలేదు.

చేతులు వణికేవాడు మౌస్‌ను గురిపెట్టలేడు. అతనికి మొత్తం పని కీబోర్డుతో జరగాలి. మసకచూపు గలవారికి తెల్లని పేజీమీద లేత బూడిదరంగు అక్షరాలు ఉన్నా లేనట్లే. అక్షరానికీ వెనుకరంగుకూ మధ్య వెలుగు భేదం కనీసం నాలుగున్నర రెట్లుండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. కమిషనరు ప్రసంగం వీడియోలో పెడితే, కింద అక్షరాలు లేనప్పుడు బధిరుడికి అది పెదవుల కదలిక మాత్రమే.

తెలుగువారికి వీటితోబాటు మరొక చిక్కు ఉన్నది. దానిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య. ప్రపంచ భాషలన్నిటికీ వేరువేరు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో 1991లోనే తెలుగుకు చోటు దొరికినది. అయినా డి.టి.పి. కేంద్రాలలో, ఆఫీసులలో చాలాకాలం వేరే పద్ధతి నడిచినది. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలమీద తెలుగు ఆకారాలను తొడిగిన ఫాంట్లవి. కంటికి చక్కని తెలుగు కనబడుతుంది. యంత్రానికి మాత్రం లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గుంపు. చెవితో చదివేవాడికి నీటి సరఫరా ప్రకటన ఏ భాషకూ చెందని మోతగా వినిపిస్తుంది. అదే ప్రకటనను యూనికోడ్‌లో టైపు చేస్తే యంత్రం తెలుగులోనే చదువుతుంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు, మైకేల్ కరన్, జేమ్స్ టె, 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. దానిలో తెలుగు పలికే గొంతు కూడా ఉన్నది. గొంతు యాసగా, మరబొమ్మ మాటలాగా ఉంటుందిగాని అర్థానికి లోటు లేదు.

అంతకంటె సాధారణమైన అడ్డంకి స్కాన్ చేసిన కాగితం. ఉత్తర్వు కంప్యూటరులోనే తయారవుతుంది. దానిని అచ్చుతీసి, సంతకం చేసి, ముద్రవేసి, మళ్ళీ ఫోటో తీసి వెబ్‌సైటులో పెడతారు. యంత్రం చదవగలిగిన అక్షరాలు ఈ తతంగంతో బొమ్మగా మారిపోతవి. పింఛను లబ్ధిదారుల జాబితా కూడా ఈ విధంగానే రావడం కద్దు. జాబితాలో తన పేరున్నదో లేదో వికలాంగుడు మరొకరిని అడిగి తెలుసుకోవాలి.

మరి వీటిని సరిచేయడానికి ఎంత కావాలి? చాలావరకు కొత్త యంత్రాలు అక్కరలేదు. ప్రతి బొమ్మ వెనుక, కంటికి కనబడకుండా, అది ఏమిటో చెప్పే మాట ఒకటి రాసిపెట్టాలి. గడికి దాని పేరు ముడివేయాలి. శీర్షికను పెద్ద అక్షరాలతో ఊరుకోక, శీర్షిక అని యంత్రానికి తెలిసేలా గుర్తు పెట్టాలి. "ఇక్కడ నొక్కండి" తీసివేసి "ఇంటిపన్ను చెల్లించండి" అని రాయాలి. సంతకమైన ప్రతితోబాటు టైపు చేసిన ప్రతినీ ఉంచాలి. వెబ్‌సైటు కట్టేటప్పుడే చేస్తే ఇదంతా పనిలో పని. కట్టిన తరువాత అయితే గోడ పగులగొట్టి కిటికీ పెట్టినట్లు ఖర్చు పెరుగుతుంది.

ఖర్చు మాట ఒకచోట విచారణకే వచ్చినది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడల వెబ్‌సైటును తాను చదవలేకపోతున్నానని బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. సరిచేయాలంటే 20 లక్షల డాలర్లకు పైగా అవుతుందని నిర్వాహకులు వాదించారు. అనుభవమున్న ఒక నిపుణుడు కొద్దిమంది సహాయకులతో నాలుగు వారాలలో చేయగల పని అని సాక్షిగా వచ్చిన నిపుణురాలు చెప్పారు. కమిషన్ నిర్వాహకుల వాదనను తోసిపుచ్చినది. తుదకు 20 వేల డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చినది.

మన దేశంలో నియమాలకు కొదువ లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎట్లా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009లో వెలువడినవి. మూడవ కూర్పు 2023లో వచ్చినది. 2016 చట్టం కింద నియమాలు 2017 జూన్‌లో ప్రకటింపబడగా, సేవలందించే సంస్థలన్నిటికీ చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువు 2019 జూన్‌తో ముగిసినది. కాని ఆ నియమాలే మార్గదర్శకాలను సలహాల స్థాయిలో ఉంచినవి. పాటిస్తే మంచిది, పాటించకపోతే అడిగేవారు లేరు.

రాజీవ్ రతూరి అనే అంధుడు 2005లో సుప్రీం కోర్టులో వేసిన వ్యాజ్యం ఈ లొసుగును బయటపెట్టినది. కోర్టు కోరిక మేరకు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం పరిస్థితిని పరిశీలించి నివేదిక సమర్పించినది. 2024 నవంబరు 8న సుప్రీం కోర్టు ఆ నియమం మూల చట్టానికే విరుద్ధమని తీర్పు చెప్పి, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను వేరుచేసి ప్రకటించమని కేంద్రాన్ని ఆదేశించినది. వ్యాజ్యం వేసిన 19 ఏళ్లకు వచ్చిన తీర్పు ఇది.

మరుసటి ఏడు, 2025 ఏప్రిల్ 30న, అదే కోర్టు ఇంకొక అడుగు వేసినది. ఆసిడ్ దాడికి గురైన ప్రగ్యా ప్రసూన్‌కు బ్యాంకు ఖాతా తెరవడానికి కెమెరా ముందు కన్నులార్పడం సాధ్యం కాలేదు. ఆమె, అంధుడైన మరొక పౌరుడు వేసిన వ్యాజ్యాలలో, డిజిటల్ సేవలను అందుకొనే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించినది. 20 ఆదేశాలిచ్చినది. వెబ్‌సైట్లను నిపుణులు నిర్ణీత కాలానికొకసారి తనిఖీ చేయాలన్నదీ, పరీక్షించేవారిలో అంధులుండాలన్నదీ వాటిలో చేరి ఉన్నవి.

చివరి షరతు ముఖ్యమైనది. ఎందుకంటే ఇప్పుడు చాలా వెబ్‌సైట్ల మూలన చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి కనబడుతున్నది. దానిని నొక్కితే అక్షరాలు పెద్దవవుతవి, రంగులు మారుతవి. మంచిదే. గడులకు పేర్లు మాత్రం అప్పుడూ రావు. ఇది మెట్లముందు రంగువేసిన ర్యాంపు బోర్డు వంటిది.

ఏ మున్సిపల్ కమిషనరైనా తన వెబ్‌సైటును తానే పరీక్షించుకోవచ్చు. మౌస్ తీసి సొరుగులో పెట్టాలి. ఉచిత సాఫ్ట్‌వేరును ఎక్కించుకొని, తెర వెలుగు ఆర్పివేసి, కీబోర్డు మాత్రమే వాడి, తన ఇంటిపన్ను తాను చెల్లించాలి. పక్కన కూర్చున్న గుమాస్తా నోరు మెదపకూడదు.