కొత్త విండోస్‌కు మారాలా? పాత అక్షరాలు ఏమవుతాయి?
డి.టి.పి. దుకాణదారుల తర్జనభర్జన

(మా గ్రామీణ విలేకరి)

పెళ్లిళ్ల రోజులు వస్తే మండల కేంద్రాల్లోని డి.టి.పి. దుకాణాలకు తీరిక ఉండదు. శుభలేఖలు, కరపత్రాలు, అధికారులకు ఇచ్చే అర్జీలు అక్కడే తయారవుతాయి. ఇప్పుడు ఆ దుకాణదారులను ఒక ప్రశ్న వేధిస్తోంది. విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చాలా, వద్దా?

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో ముగించింది. అంతమాత్రాన యంత్రం ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మామూలుగా మందు అందదు. ఇంటర్నెట్, బ్యాంకు లావాదేవీలు నడిపే యంత్రానికి ఇది ముప్పే.

పోనీ మారుద్దామంటే మరో చిక్కు. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పైగా అది 64 బిట్ రకంలోనే వస్తుంది. పాత 16 బిట్ ప్రోగ్రాములు దానిపై నడవవు. 32 బిట్‌వి చాలావరకు నడుస్తాయి. అయితే పాత ప్రింటరుకు 64 బిట్ డ్రైవర్ దొరక్కపోతే అది ఉన్నా లేనట్టే.

అసలు బాధ తెలుగు అక్షరాలది. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కూర్చిన పని ఇది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు పోయి అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. దాచుకున్న నమూనాలు తెరుచుకోకపోతే బేరం పక్క దుకాణానికి పోతుంది.

అందుకే తొందర పనికిరాదు. ముందుగా ఫైళ్లన్నీ, ఫాంట్లతో సహా, వేరే డిస్కులో భద్రపరచాలి. యంత్రం సరిపోతుందో లేదో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ చెబుతుంది. విండోస్ 11 ఉన్న మరో యంత్రంలో పాత పని ఒకటి తెరిచి, ప్రింటు తీసి చూడాలి. మార్చాక నచ్చకపోతే మామూలుగా 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చు. 32 బిట్ విండోస్ ఉన్నవారికి ఆ వీలు లేదు. వారు మొత్తం తుడిచి కొత్తగా వేసుకోవాల్సిందే.

రెండు యంత్రాలు ఉంటే పాతదాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా పాత పనులకే ఉంచడం మేలు. కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెడితే ముందుముందు ఈ తంటా తగ్గుతుంది.

దుకాణానికి వెళ్లే గ్రామస్థులకూ ఇందులో పని ఉంది. అర్జీ అయినా, శుభలేఖ అయినా పీడీఎఫ్ ప్రతి ఒకటి అడిగి తీసుకోవాలి. ఫాంటును అందులోనే ఇమిడ్చి ఇస్తే ఏ యంత్రంలోనైనా తెలుగు చెదరదు.