సరుకు విమానయాన సంస్థల విలీనాలు: ఎవరి చేతికి ఏది వెళ్లింది?

ఒక సంస్థ మరో సంస్థలో కలిసిపోయి చట్టరీత్యా తన ఉనికిని కోల్పోతే దాన్ని విలీనం అంటారు. వాటాలు కొని అజమాయిషీని చేతిలోకి తీసుకుంటే, కొన్న సంస్థ విడిగా కొనసాగినా సరే, అది స్వాధీనం. నిర్వచనాలు ఇంత తేలికగా ఉన్నా, విమానాల్లో సరుకులు మాత్రమే మోసే సంస్థలకు వీటిని వర్తింపజేయడం అంత తేలిక కాదు. విమానాన్ని డబ్బున్నవాళ్లెవరైనా కొనవచ్చు, అద్దెకైనా తెచ్చుకోవచ్చు. కాని ఫలానా దేశంలో దిగడానికి ప్రభుత్వాలు ఇచ్చిన హక్కు, విమానాలు నడపడానికి పౌర విమానయాన అధికారులు ఇచ్చిన ధ్రువపత్రం, పైలట్ల సీనియారిటీ జాబితా, ఏళ్ల తరబడి కుదిరిన ఖాతాదారులు - ఇవి బజారులో దొరకవు. కాబట్టి ఒక విలీనాన్ని చదివేటప్పుడు "ఎవరు ఎవరిని కొన్నారు?" అని అడిగి ఊరుకోకూడదు. వీటిలో ఏది ఎవరి చేతికి వెళ్లిందో చూడాలి. అమెరికాకు చెందిన రెండు ఉదాహరణలతో దీన్ని పరిశీలిద్దాం.

ఫ్లయింగ్ టైగర్ లైన్

రెండవ ప్రపంచ యుద్ధంలో చైనా పక్షాన జపాన్‌తో పోరాడిన అమెరికన్ వలంటీర్ వైమానిక దళానికి 'ఫ్లయింగ్ టైగర్స్' అని పేరు. ఆ దళంలో పనిచేసిన రాబర్ట్ ప్రెస్కాట్ 1945లో తోటి పైలట్లు కొందరిని కూడగట్టి, చమురు వ్యాపారి శామ్యూల్ మోషర్ పెట్టుబడి తోడుగా ఒక సరుకు రవాణా సంస్థను ప్రారంభించాడు. మొదట దాని పేరు నేషనల్ స్కైవే ఫ్రైట్ కార్పొరేషన్. యుద్ధం తర్వాత మిగిలిపోయిన బడ్ కానెస్టోగా విమానాలే దాని మూలధనం. కొద్దికాలానికే అది ఫ్లయింగ్ టైగర్ లైన్‌గా పేరు మార్చుకుంది. 1949లో అమెరికా ఖండం ఈ తీరం నుంచి ఆ తీరానికి క్రమం తప్పకుండా సరుకు మోసే అనుమతి పొందింది. ఆ రోజుల్లో ఏ మార్గంలో ఎవరు ఎగరాలో, ఎంత రేటు తీసుకోవాలో ప్రభుత్వ మండలి నిర్ణయించేది. అందువల్ల అనుమతిపత్రమే ఆస్తి.

ఇంచుమించు అదే కాలంలో, 1946లో, సీబోర్డ్ అండ్ వెస్టర్న్ అనే మరో సంస్థ పుట్టింది. తర్వాత సీబోర్డ్ వరల్డ్‌గా మారిన ఈ సంస్థ బలం అట్లాంటిక్ మీద, అంటే యూరప్ మార్గాల్లో. టైగర్ బలం పసిఫిక్ మీద. 1980 అక్టోబరు 1న సీబోర్డ్ టైగర్‌లో విలీనమైంది. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉంది కనుక కాగితం మీద ఇది చక్కని పొత్తు. కాని అప్పటికే పరిస్థితి మారిపోయింది. 1977 చివరలో అమెరికా ప్రభుత్వం దేశీయ విమాన సరుకు రవాణాపై నియంత్రణలను ఎత్తివేసింది. అంతవరకు కొందరికే దక్కిన దేశీయ మార్గాలు అర్హత ఉన్నవారందరికీ తెరుచుకున్నాయి. టైగర్ పాత అనుమతిపత్రం విలువ ఒక్కసారిగా పడిపోయింది.

ఆ మార్పు వల్ల లాభపడింది ఫెడరల్ ఎక్స్‌ప్రెస్. 1973 ఏప్రిల్‌లో మెంఫిస్ నగరం నుంచి 14 చిన్న ఫాల్కన్ జెట్ విమానాలతో మొదలైన ఈ సంస్థ, నియంత్రణ తొలగాక పెద్ద విమానాలు కొని దేశమంతటా రాత్రికి రాత్రే పార్సిళ్లు చేర్చే స్థాయికి ఎదిగింది. అయితే దేశం దాటితే కథ వేరు. అంతర్జాతీయ మార్గాలు రెండు దేశాల ప్రభుత్వాల ఒప్పందాలపై ఆధారపడతాయి. ఒక్కో హక్కు సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. జపాన్ వంటి చోట్ల ఆ హక్కులు టైగర్ దగ్గర ముందే ఉన్నాయి. 1988 డిసెంబరులో సుమారు 88 కోట్ల డాలర్లకు టైగర్‌ను కొనడానికి ఒప్పందం కుదిరింది. 1989 ఆగస్టులో రెండు సంస్థలు ఒకటయ్యాయి. టైగర్ పేరు విమానాల మీద నుంచి చెరిగిపోయింది.

హక్కులు వచ్చాయి. వాటితో పాటు అవసరం లేనివీ వచ్చాయి. టైగర్ 747 విమానాలు బరువైన సరుకు కోసం ఉద్దేశించినవి. పార్సిళ్ల వ్యాపారానికి అవి పెద్ద బరువే. పైగా టైగర్ ఖాతాదారుల్లో కొందరు పార్సిల్ వ్యాపారంలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్‌కు పోటీదారులు. తమ సరుకును పోటీదారు చేతిలో పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? విదేశీ వ్యాపారంలో నష్టాలు పెరిగి 1992లో యూరప్ దేశాల మధ్య పార్సిల్ సేవలను ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ మానుకోవలసి వచ్చింది.

సీనియారిటీ జాబితా

విలీనాల్లో అన్నిటికంటే చిక్కైనది, పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేసేది, ఇదే. పైలట్‌కు సీనియారిటీ సంఖ్య కేవలం గౌరవం కాదు. ఏ విమానం నడపాలి, కెప్టెన్ ఎప్పుడు కావాలి, సెలవు ఎప్పుడు దొరుకుతుంది, ఉద్యోగాలు తగ్గిస్తే ముందు ఎవరు ఇంటికి వెళ్లాలి - అన్నీ ఆ సంఖ్యే తేలుస్తుంది. సంస్థ మారితే మళ్లీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి.

1966లో టైగర్‌లో చేరిన ఒక పైలట్‌ను ఊహించుకోండి. ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ పార్సిళ్లు మోయడం మొదలుపెట్టిందే 1973లో. చేరిన తేదీని బట్టి జాబితాలు కలిపితే అతడు అవతలి పైలట్లందరికంటే పైన ఉంటాడు. "ఎదుగుతున్న సంస్థ మాది, కొన్నది మేము, పై మెట్లు వాళ్లకా?" అని అవతలివారు అడుగుతారు. అలా కాక రెండు జాబితాలను నిష్పత్తి ప్రకారం పేనితే, ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు పదేళ్ల సర్వీసు ఉన్నవాడి వెనక నిలబడవలసి రావచ్చు. రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. చిక్కంతా అక్కడే. టైగర్ పైలట్లకు యూనియన్ ఉంది, ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ పైలట్లకు అప్పటికి లేదు. తగవు మధ్యవర్తి తీర్పుతో తేలింది. 1993లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ పైలట్లు యూనియన్‌కు ఓటు వేశారు. విలీనం రేపిన అలజడి అందుకు కొంతైనా కారణమని భావించవచ్చు. జాబితాలను న్యాయంగా కలపాలని, రాజీ కుదరకపోతే మధ్యవర్తికి అప్పగించాలని అమెరికాలో చట్టం వచ్చింది మాత్రం 2007లోనే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: నియంత్రణల తొలగింపు తర్వాత టైగర్ దేశీయ అనుమతుల విలువ తగ్గినా, అంతర్జాతీయ హక్కుల విలువ ఎందుకు తగ్గలేదు?

ఎయిర్‌బోర్న్: రెండుగా చీలిన వారసత్వం

1946లో హవాయి నుంచి పూలు తెచ్చే వ్యాపారంతో మొదలైన ఎయిర్‌బోర్న్, 1968లో పసిఫిక్ ఎయిర్ ఫ్రైట్‌తో కలిసింది. 1980లో మరో విమాన సంస్థను కొని, ఒహాయో రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పాత వైమానిక స్థావరాన్ని తన కేంద్రంగా చేసుకుంది. 2003లో జర్మనీ తపాలా సంస్థ డాయిష్ పోస్ట్‌కు చెందిన డీహెచ్ఎల్ దాన్ని కొనడానికి వచ్చింది. ఇక్కడ చట్టం అడ్డం నిలిచింది. అమెరికా విమానయాన సంస్థలో విదేశీయులకు 25 శాతానికి మించి ఓటు హక్కు ఉండకూడదు. అందుకని సంస్థను రెండుగా విడదీశారు. లారీలు, గోదాములు, ఖాతాదారులు డీహెచ్ఎల్‌కు వెళ్లాయి. విమానాలు, పైలట్లు, ధ్రువపత్రం ఏబీఎక్స్ ఎయిర్ అనే విడి కంపెనీకి మిగిలాయి. దాని వ్యాపారం దాదాపు మొత్తం డీహెచ్ఎల్ ఒప్పందాల మీదే ఆధారపడింది.

2008 నవంబరులో డీహెచ్ఎల్ అమెరికా దేశీయ పార్సిల్ సేవలను మూసివేస్తున్నట్టు ప్రకటించింది. విల్మింగ్టన్ లాంటి చిన్న ఊళ్లో వేలాది మంది ఉపాధి పోయింది. ఏబీఎక్స్ మాత్రం బతికింది. 2007లోనే అది కార్గో హోల్డింగ్స్ ఇంటర్నేషనల్‌ను కొనుక్కుంది. తర్వాత ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సర్వీసెస్ గ్రూప్ అనే మాతృసంస్థ కిందికి చేరింది. విమానాలను ఇతరులకు అద్దెకిచ్చే వ్యాపారంలోకి ఆ గ్రూపు విస్తరించింది. 2016 నుంచి అమెజాన్ కూడా దాని ఖాతాదారు. కొనుగోలుదారు చట్టరీత్యా తీసుకోలేక వదిలేసిన భాగమే చివరకు నిలిచింది!

మన దేశంలో ఇదే డీహెచ్ఎల్ వేరే దారి పట్టింది. 2004లో బ్లూ డార్ట్ సంస్థలో అత్యధిక వాటా కొనడానికి ఒప్పందం చేసుకున్నా, పేరు జోలికి పోలేదు. 1996 నుంచి ఎగురుతున్న బ్లూ డార్ట్ ఏవియేషన్ విమానాలు ఇప్పటికీ ఆ పేరుతోనే హైదరాబాద్‌తో సహా మన నగరాల్లో దిగుతున్నాయి.