పల్లెసీమలలో పొట్టి రేడియో తరంగములు

పట్టణపు కుంచముతో పల్లెధాన్యమును కొలిచినచో లెక్క తేలదని మన సభ్యులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. రేడియో తరంగముల విషయమునను ఇట్టి చిక్కే వచ్చినది.

రాబోవు సెల్‌ఫోను వ్యవస్థలకు మిక్కిలి హెచ్చు పౌనఃపున్యముగల పొట్టి తరంగములను వాడదలచుచున్నారు. వీనిపై ఒక్కసారి ఎంతయో సమాచారము పంపవచ్చును. 1890 దశకముననే జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో కొన్ని మిల్లీమీటర్ల నిడివిగల తరంగములతో ప్రయోగములు చేసియుండిరి. అయినను ఇవి దూరము పోజాలవని చిరకాలము తలంచిరి. టవరులు ఎన్ని కావలెనో, ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించునది గణితసూత్రము. సూత్రము తప్పినచో అందగల ఊరును అందదని విడిచిపెట్టుదురు.

2013లో ప్రకటితమైన న్యూయార్కు కొలతలలో 28 గిగాహెర్ట్జ్ తరంగములు మేడగోడలపై బడి మఱలుచు సుమారు 200 మీటర్ల వఱకు అందినవి. రంగుటద్దము మాత్రము శక్తిలో పదివేలవ వంతునే లోనికి విడిచినది! మన పొలములలో తరంగములను మఱలించుటకు మేడలెక్కడివి?

కావుననే 2016లో జరిగిన కొలతలు మాకు ముఖ్యముగ తోచుచున్నవి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున రైనర్ అను పల్లెపట్టున మెకార్ట్నీ, రాపపోర్టు అను పండితులు కొండపైనున్న యొక యింటి వసారానుండి 73 గిగాహెర్ట్జ్ తరంగములను పంపిరి. ఆ చోటు చుట్టుపట్ల నేలకు సుమారు 110 మీటర్ల యెత్తున నున్నది. యంత్రపు శక్తి ఒక వాట్టునకు లోపే. బండిలో తిరుగుచు కొలిచిచూడగా 10 కిలోమీటర్లకు మించిన దూరమున, కొన్ని తావుల చెట్లును గుట్టలును అడ్డమున్నను, తరంగము చిక్కినది. కొన్నిచోట్ల అసలే చిక్కలేదు. అప్పటి ప్రమాణములలోని పల్లెసూత్రము ఇట్టి తరంగములకు పల్లెలలో చాలినంతగా సరిచూడబడినది కాదని వారు తెలిపి, దూరముతోపాటు స్తంభపు టెత్తునుగూడ లెక్కగొను సులభసూత్రమును ప్రతిపాదించిరి.

అయితే వారు వాడినది సన్నని ధారగా తరంగమును చిమ్ము కొమ్ము ఆకారపు ఏంటెన్నా. చేతిలోని ఫోనునకు అంత బలము లేదు. మఱియు 73 గిగాహెర్ట్జ్ తరంగపు నిడివి సుమారు 4 మిల్లీమీటర్లు, అనగా పెద్ద వానచినుకంత. గంటకు 25 మిల్లీమీటర్ల వాన కురియుచుండగా ప్రతి కిలోమీటరునకు శక్తి ఇంచుమించు పదవవంతునకు దిగిపోవును. పది కిలోమీటర్ల పొడవున అట్టి వాన పడినచో మిగులునది శూన్యప్రాయమే.

మనదేశమునను 2022లో 26 గిగాహెర్ట్జ్ పట్టీని వేలము వేసిరి. దాని నిడివి 11 మిల్లీమీటర్లకు పైబడినందున వానబాధ కొంత తక్కువ. కాని తడిసిన కొబ్బరిమట్టలును, ఏపుగ పెరిగిన చెఱకును ఎంత మ్రింగునో కోనసీమలో, అదియు శ్రావణమాసమున, కొలిచిననే తెలియును.