పేరు పెట్టి పిలిస్తే...

2014లో జనం నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకుని వీడియోలు పెట్టారు, గుర్తుందా? దాన్ని ఊరూరా పాకించినవారిలో ముఖ్యులు ఇద్దరు అమెరికన్ యువకులు, పీట్ ఫ్రేట్స్, ప్యాట్ క్విన్. ఇద్దరికీ ఏఎల్ఎస్. కండలు ఒక్కొక్కటే చచ్చుబడి, చివరికి ఊపిరి కూడా ఆడనివ్వని జబ్బు. స్టీఫెన్ హాకింగ్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిందీ అదే.

కిటుకంతా ఆ ఆటలోని ఒక్క నియమంలో ఉంది. నీళ్లు పోసుకున్నాక ముగ్గురి పేర్లు చెప్పాలి. వాళ్లు 24 గంటల్లో నీళ్లన్నా పోసుకోవాలి, విరాళమన్నా ఇవ్వాలి. చాలామంది రెండూ చేశారు. 'అందరూ సాయం చెయ్యండి' అంటే ఇంకెవరో చేస్తారులే అనుకుంటాం. పేరు పెట్టి పిలిస్తే కదలక తప్పదు. మన పెళ్లిళ్లకు బొట్టు పెట్టి పిలవడంలో ఉన్న బలమూ ఇదే కదా! ఎనిమిది వారాల్లో అమెరికా ఏఎల్ఎస్ సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో కొంత అందుకున్న 'ప్రాజెక్ట్ మైన్' పరిశోధకులు 2016లో ఈ జబ్బుతో సంబంధమున్న నెక్1 జన్యువును పట్టుకున్నారు. ఫ్రేట్స్ 2019లో, క్విన్ 2020లో కన్నుమూశారు.

ఆ నీళ్లు హైదరాబాద్ చేరేసరికి బియ్యమయ్యాయి. 2014 ఆగస్టులోనే పాత్రికేయురాలు మంజులత కళానిధి 'రైస్ బకెట్ ఛాలెంజ్' మొదలుపెట్టారు. మీ దగ్గర్లో అవసరమున్నవారికి ఓ బకెట్ బియ్యం ఇచ్చి, ఫొటో పెట్టి, స్నేహితుల్ని పిలవాలి. నాకు బాగా నచ్చింది ఆ 'దగ్గర్లో' అన్న మాట. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఎదురెదురుగా ఉంటాయి.

దూరంగా ఉండి కూడా చెయ్యి అందించొచ్చు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చేనాటికి దాని రాజధానికి ఆన్‌లైన్‌లో సరైన వీధి పటమే లేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వందలాది మంది ఇళ్లలో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు చూస్తూ, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక్కో సందూ గీశారు. సహాయక బృందాలు ఆ పటాన్నే జీపీఎస్ పరికరాల్లోకి ఎక్కించుకుని తిరిగాయి.

సాయానికే కాదు, వ్యాపారానికీ జనాన్ని పిలవొచ్చు. బొమ్మల కంపెనీ లెగో కొత్త ఆలోచనల్ని జనాన్నే అడుగుతుంది. 10,000 మంది మద్దతు పలికితే పరిశీలిస్తుంది. బొమ్మ మార్కెట్లోకి వస్తే ఆలోచన ఇచ్చినవారికి నికర అమ్మకాల్లో 1 శాతం. ఎలెన్ కోయ్‌మన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ఆలోచన అలాగే 2014లో దుకాణాలకెక్కింది. అందులో శాస్త్రవేత్తల బొమ్మలు మూడు: డైనోసార్ ఎముకలను పరీక్షించేదొకరు, టెలిస్కోపులో చూసేదొకరు, రసాయనాలు కలిపేదొకరు. ముగ్గురూ ఆడవాళ్లే. సరుకు చూస్తుండగానే అయిపోయింది.

మామూలు జనంలోంచి వచ్చిన ఆలోచనకు మన దగ్గరా ఓ ఉదాహరణ ఉంది. గల్ఫ్ బాట పట్టే యువకులు ఎక్కువగా ఉండే జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి ఓ చిన్న ఊరు. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ అక్కడే 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ పెట్టారు. పొలం పనులు చేసుకుంటూ బతికిన గంగవ్వ అందులో తన ఇంటి భాషలోనే మాట్లాడి, 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఒకప్పుడు సినిమాల్లో నవ్వించడానికే పనికొస్తుందనుకున్న ఆ తెలంగాణ యాస, ఊళ్లోనే ఉండి సంపాదించుకునే దారి చూపించింది.