సేవ చేసే చేతులకూ విశ్రాంతి కావాలి

మీ ఇంట్లో ఒకరు జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ చూపంతా ఆ మంచం మీదే ఉంటుంది. జ్వరం తగ్గిందా? సెలైన్ అయిపోవచ్చిందా? డాక్టరుగారు రౌండ్స్‌కు ఎప్పుడు వస్తారు? ఇలా ఆలోచించడం సహజమే. అయితే ఆ మంచం చుట్టూ తిరిగే సిస్టర్, దుప్పట్లు మార్చే ఆయా, స్ట్రెచర్ తోసే వార్డ్ బాయ్, నేల తుడిచే స్వీపర్ ఎలా ఉన్నారని ఎప్పుడైనా గమనించారా? రోగి కోలుకోవాలంటే మంచి మందు ఉంటే చాలదు. ఆ మందును వేళకు, సరైన మోతాదులో ఇచ్చే మనిషి కూడా బాగుండాలి. ఈ సంగతిని కరోనా లాక్‌డౌన్ మనందరికీ తెలియజేసింది. మళ్లీ అలాంటి రోజులు వచ్చినా రాకపోయినా ఆ పాఠం మనకు ఉపయోగపడుతుంది.

2020లో ఏం జరిగింది?

కోవిడ్‌ను మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న పేర్కొన్నది. మన దేశంలో మార్చి 25 నుండి లాక్‌డౌన్ మొదలైంది. మనమంతా ఇళ్లలో తలుపులు వేసుకున్నాం. ఆసుపత్రి సిబ్బంది మాత్రం అదే సమయంలో ఇల్లు విడిచి డ్యూటీకి వెళ్లవలసి వచ్చింది. బస్సులు లేవు, రైళ్లు లేవు. కొందరు నడిచి వెళ్లారు. మరికొందరు వారాల తరబడి హాస్టళ్లలోనే ఉండిపోయారు. పాలుతాగే బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, ఫోన్‌లో మాత్రమే చూసుకున్న తల్లులున్నారు.

మార్చి 22 సాయంత్రం ప్రజలు వీరికోసం చప్పట్లు కొట్టారు. కాని కొద్ది రోజులకే కొన్నిచోట్ల ఇంటి యజమానులు ఇల్లు ఖాళీ చేయమన్నారు. నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణిస్తే, శ్మశానం దగ్గర దహనానికి కూడా స్థానికులు అడ్డుపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 జనవరి నుండి 2021 మే వరకు ప్రపంచమంతటా 80,000 నుండి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌వల్ల చనిపోయి ఉంటారు.

శరీరం మీద పడిన భారం

పి.పి.ఇ. కిట్ అంటే తలనుండి పాదాలదాకా కప్పే గాలి ఆడని దుస్తులు. దానిపైన మాస్కు, కళ్లద్దాలు, రెండు జతల గ్లౌజులు. ఒకసారి వేసుకుంటే డ్యూటీ అయ్యేవరకు నీళ్లు తాగడానికి, మూత్రానికి వెళ్లడానికి వీలుండదు. మన వేసవిలో ఆ దుస్తుల్లో ఆరేడు గంటలంటే చెమటతో ఒళ్లంతా తడిసిపోతుంది, నీరసం వస్తుంది, కళ్లద్దాలకు ఆవిరి పడుతుంది. మాస్కు ఒరుసుకొని ముక్కుమీద పుండ్లు పడతాయి. నీళ్లు తాగకపోవడం, మూత్రం ఆపుకోవడం వలన మూత్రనాళాల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

మనసు మీద పడిన భారం

శరీరం అలిసిపోతే నిద్రతో కొంత తేరుకుంటుంది. మనసు అంత త్వరగా తేరుకోదు. కోవిడ్ వార్డులోకి బంధువులను రానివ్వలేదు. చివరి ఘడియల్లో ఉన్న రోగి చేయి పట్టుకున్నది సిస్టరే. ఇంటివారికి వీడియోలో ముఖం చూపించడానికి ఫోన్ పట్టుకున్నదీ ఆమే. ఆ ఇంటివారి ఏడుపు విని, ఫోన్ పెట్టేసి, వెంటనే పక్క మంచం దగ్గరకు నడవాలి. ఏడవడానికి ఆమెకు సమయమెక్కడిది? దానికి తోడు, "నా వల్ల ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందేమో" అనే భయం.

ఇలాంటి ఒత్తిడి చాలాకాలం సాగితే "బర్న్ అవుట్" అనే స్థితి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని జబ్బుగా పరిగణించలేదు, పనిలోని ఒత్తిడివల్ల కలిగే స్థితిగా వివరించింది. దీనికి మూడు లక్షణాలు ఉంటాయి.

1. ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట.
2. పనిమీద విరక్తి, మనుషులతో ముభావంగా ఉండటం.
3. "నేను ఏమి చేసినా ప్రయోజనం లేదు" అనే భావం.

మీ రోగికి దీనితో సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. నిద్రలేని మనిషికి మతిమరుపు, పరధ్యానం వస్తాయి. మందు మోతాదు చదవడంలో, ఇంజెక్షన్ వేళ గుర్తుంచుకోవడంలో పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. చేతులు కడుక్కోవడం వంటి చిన్న జాగ్రత్తలు జారిపోతాయి. కాబట్టి సిస్టర్ గంటసేపు విశ్రాంతి తీసుకుంటే మీ రోగికి అన్యాయం జరుగుతున్నట్లు భావించకండి. ఆ విశ్రాంతి మీ రోగికోసం కూడా.

వార్డులో మీరు చేయగలిగినవి

1. అడగవలసిన సంగతులన్నీ ఒక కాగితం మీద రాసుకొని ఒకేసారి అడగండి. అత్యవసరమైతే మాత్రం ఏ క్షణంలోనైనా పిలవండి, మొహమాటపడకండి.
2. కుటుంబం తరపున ఒకరే మాట్లాడండి. పదిమంది పది ఫోన్లు చేస్తే చెప్పినదే చెప్పడానికి సిస్టర్ సమయమంతా పోతుంది.
3. నీళ్లు తాపడం, తల దువ్వడం వంటి పనులు మీరు చేయవచ్చునేమో అడిగి తెలుసుకోండి.
4. లోపం కనిపిస్తే తప్పక చెప్పండి. కాని కేకలు వేయకుండా, వార్డు ఇన్‌ఛార్జితో చెప్పండి. 2020 జూన్‌లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోగా బంధువులు జూనియర్ డాక్టరుపై దాడి చేశారు. దానితో జూనియర్ డాక్టర్లు ఆందోళనకు దిగారు. దుఃఖం ఎంత పెద్దదైనా దెబ్బ కొడితే తీరదు. అంటువ్యాధుల కాలంలో ఆరోగ్య సిబ్బందిపై దాడి చేసినవారికి 3 నెలల నుండి 5 సంవత్సరాలవరకు, తీవ్రంగా గాయపరిస్తే 7 సంవత్సరాలవరకు జైలుశిక్ష పడేలా 2020లో చట్టాన్ని సవరించారు.
5. "భోజనం చేశారా, సిస్టర్?" అని ఒక్కమాట అడగండి. ఆయాకు, స్వీపర్‌కు కూడా కృతజ్ఞతలు చెప్పండి. వారిని పలకరించేవారు చాలా తక్కువ.

ఇంట్లో మనిషిని పెట్టుకున్నారా?

మంచంపట్టిన నాన్నగారినో అత్తగారినో చూసుకోవడానికి చాలామంది ఇంట్లో ఆయాను పెట్టుకుంటున్నారు. లాక్‌డౌన్‌లో వీరిలో కొందరు నెలలపాటు సొంత ఊరికి వెళ్లలేక అక్కడే చిక్కుకున్నారు. ఆమె రాత్రి రెండుమూడుసార్లు లేచి రోగిని పక్కకు తిప్పుతుంటే, పగలు కొన్ని గంటలు ఎవరూ లేపకుండా నిద్రపోనివ్వండి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వండి. బయటకు వెళ్లలేని పరిస్థితి అయితే ఆ రోజు పని మీరు చేయండి. మీరు తినే భోజనమే పెట్టండి. రోజూ తన పిల్లలతో ఫోన్‌లో మాట్లాడుకొనే సమయం ఇవ్వండి. మాస్కులు, గ్లౌజులు మీరే కొనివ్వండి. ఆమెకు జ్వరం వస్తే జీతం కోయకుండా పరీక్ష చేయించండి.

మీరే సేవ చేస్తుంటే

సేవ చేసే కుమార్తె, కోడలు, భార్య కూడా ఆరోగ్య సేవకులే. "నేను పడుకుంటే ఎలా?" అనుకోకుండా ఇంట్లో పని పంచుకోండి. అన్నదమ్ములూ, ఇది ఆడవారి పని అని తప్పుకోవద్దు. ఒక రాత్రి మీరు కూర్చోండి.

ఎప్పుడు సహాయం అడగాలి?

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చీటికిమాటికి కోపం, కారణంలేని ఏడుపు, మద్యం అలవాటు పెరగడం కనిపిస్తే డాక్టరును కలవాలి. "చచ్చిపోతే బాగుండు" అని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. సహాయం అడగడం బలహీనత కాదు.

దీపం వెలగాలంటే అందులో నూనె పోస్తూ ఉండాలి. మీ రోగిని కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషిని ఈరోజే ఒకసారి పలకరించండి.