ఇంటి ప్రింటరు "ఆఫ్‌లైను" అని చూపినపుడు చేయదగిన పనులు

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములయందలి మన సభ్యులలో పలువురు ఇప్పుడు తమ యిండ్లలో చిన్న ప్రింటరు నుంచుకొనుచున్నారు. పిల్లల చదువునకై కొన్న యంత్రమే పంటఋణపు కాగితములకును ఉపకరించుచున్నది. అడంగలు నకలు, 1-బి, ఆధారు ప్రతి, బ్యాంకు పాసుపుస్తకపు మొదటి పుట, ఇవి చేత లేనిదే ఋణమును తిరుగవ్రాయించుకొనుట కష్టము. కేంద్ర ప్రభుత్వము 2022 జూను 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక సహకార సంఘములకు కంప్యూటరు లెక్కలు నేర్పరచు పథకము నామోదించినది. అయినను సంతకము చేసిన కాగితము నడుగుట మాత్రము నేటికిని మానలేదు. గడువు రేపనగా, రాత్రి పదిగంటలకు కంప్యూటరు "ప్రింటరు ఆఫ్‌లైను" అని చూపి యూరకుండిన యెడల, ఆ రైతు తెల్లవారి పని మానుకొని, ఆళ్ళగడ్డకో నంద్యాలకో బస్సెక్కి, జిరాక్సు అంగడి తెరచువరకు కాచుకొనవలసివచ్చును. గడువు దాటెనా, సకాలపు చెల్లింపునకు లభించు వడ్డీ రాయితీయు పోవును. కావున నీ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఆఫ్‌లైను అనగా, కంప్యూటరు పిలిచినపుడు ప్రింటరు పలుకలేదని యర్థము. యంత్రము చెడినదని యనుకొని భయపడ నక్కరలేదు. దీనిని పరీక్షించుటకు సులభమైన యుపాయము కలదు. పైమూత యెత్తి కాగితము నకలు తీయు ప్రింటరైనచో, కంప్యూటరుతో పనిలేకుండ దానిమీదనే యొక నకలు తీయుడు. నకలు చక్కగా వచ్చినచో యంత్రము నిక్షేపముగా నున్నది, దోషము దారిలోనున్నది. రానిచో కాగితము చిక్కుకొనుట, సిరా అయిపోవుట, మూత సరిగా పడకుండుట మొదలగువానిని ముందుగా చూడవలెను.

తీగతో కలిపిన ప్రింటరు విషయమున చెప్పవలసినది స్వల్పము. తీగను రెండు కొనలయందును ఊడదీసి తిరిగి గట్టిగా పెట్టుడు. కంప్యూటరునకు గల మరియొక రంధ్రమున పెట్టి చూడుడు. తీగ మార్చి చూడుడు. చాలవరకు దీనితో తీరును.

వై-ఫై ద్వారా పనిచేయు ప్రింటరులే యెక్కువ చిక్కు పెట్టునవి. మన పల్లెలలో దీనికి ముఖ్యకారణము కరెంటు పోయి వచ్చుచుండుటయే. కరెంటు వచ్చినపుడు రౌటరు, ప్రింటరు రెండును ఒక్కసారే మేల్కొనును. రౌటరు సిద్ధమగుటకు రెండు మూడు నిమిషములు పట్టును. ప్రింటరు అంతకు ముందే లేచి, వై-ఫై కొరకు వెదకి, కానక, కొన్ని రకములలో వెదకుటయే మానుకొనును. కావున నన్నిటిని ఆర్పి, మొదట రౌటరును వెలిగించి మూడు నిమిషములు ఆగి, తరువాత ప్రింటరును వెలిగించి, దాని వై-ఫై దీపము మినుకుట మాని నిలుకడగా వెలుగువరకు వేచియుండి, కడపట కంప్యూటరును తెరువవలెను. ఈ వరుస తప్పరాదు. ఇన్వర్టరు గలవారు రౌటరును దానికి కలిపిన మేలు. లేజరు ప్రింటరును మాత్రము చిన్న ఇన్వర్టరునకు కలుపరాదు. అది వేడెక్కునపుడు మిక్కుటమైన కరెంటును లాగును.

ఇట్లు చేసినను పలుకనిచో చిరునామా మారెనేమో చూడవలెను. రౌటరు ఇంటిలోని ప్రతి యంత్రమునకు 192.168.1.5 వంటి అంకెల చిరునామా నొకటి యిచ్చును. కరెంటు పోయి వచ్చిన పిమ్మట ప్రింటరునకు 5కు బదులు 9 రావచ్చును. కంప్యూటరు ఆ సంగతి నెరుగక పాత చిరునామాకే కాగితములు పంపుచుండును. ఇల్లు మారినవానికి పాత యింటికి ఉత్తరము వేసినట్లే యగును. ప్రింటరు తెరమీద, లేక అది తీసి యిచ్చు నెట్‌వర్కు నివేదికలో, ఇప్పటి చిరునామా కనబడును. కంప్యూటరులో ప్రింటరు ప్రాపర్టీస్ తెరచి, పోర్ట్స్ అను పుటలో గురుతు పెట్టియున్న చిరునామాతో దీనిని పోల్చుడు. భేదమున్నచో యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టును ఎన్నుకొని, క్రొత్త చిరునామా వ్రాయవలెను. ఆ పుటలోనే కాన్ఫిగర్ పోర్ట్ నొక్కినచో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అను గడి యుండును. కొన్ని ప్రింటరులు ఆ ప్రశ్నకు జవాబియ్యవు గనుక, బాగుగ నున్నను కంప్యూటరు వానిని ఆఫ్‌లైను అని తలచును. అట్టియెడ ఆ గడిలోని గురుతును తీసివేసిన చాలును. ప్రింటరు చిరునామా 169.254తో మొదలైనచో దానికి రౌటరు చిరునామాయే యీయలేదని తెలిసికొని, వై-ఫై రహస్యపదమును తిరిగి యీయవలెను. మరల మరల చిరునామా మారుచుండినచో, రౌటరు సెట్టింగులలో ప్రింటరునకు ఒకే చిరునామాను కేటాయింపు చేయించుటయే శాశ్వతమైన చికిత్స.

ఇంటి ప్రింటరులలో చాలవరకు 2.4 గిగాహెర్ట్జు వై-ఫైను మాత్రమే గ్రహించును. కంప్యూటరు 5 గిగాహెర్ట్జుమీద నున్నను, రెండును ఒకే రౌటరువైనచో సామాన్యముగా చిక్కులేదు. అతిథులకై పెట్టిన గెస్ట్ వై-ఫైమీద ఒకటి, అసలు వై-ఫైమీద ఒకటి యున్నపుడు మాత్రము అవి యొకదాని నొకటి చూడజాలవు.

రౌటరే లేని యిండ్లు మన గ్రామములలో పెక్కులు. అచ్చట కుమారుని ఫోను హాట్‌స్పాటే ఆధారము. ఆ కుఱ్ఱవాడు ఫోను తీసికొని నంద్యాల కాలేజీకి పోయెనా, ప్రింటరునకు దారి పోయినట్లే. ఫోను ఇంటనున్నను, కొంతసేపు ఎవ్వరును వాడనిచో హాట్‌స్పాటు తనంతట ఆరిపోవుట కలదు. క్రొత్త ఫోను కొన్నవారు హాట్‌స్పాటునకు పాత ఫోనులోని పేరును, రహస్యపదమునే యక్షరము తప్పకుండ పెట్టుకొన్నచో ప్రింటరు తేడా గ్రహింపక కలిసికొనును. ఇట్టి యిండ్లవారికి వై-ఫైకంటె రెండు మీటర్ల యూఎస్‌బీ తీగయే శ్రేష్ఠమని మా యభిప్రాయము. తీగ కుదరనిచో వై-ఫై డైరెక్ట్ అనునది కలదు. దానిచే ప్రింటరు తానే యొక చిన్న వై-ఫై నేర్పరచును, కంప్యూటరు దానికి కలియవచ్చును. అయితే అట్లు కలిసినపుడు ఇంటర్నెట్టు ఆగిపోవచ్చును గనుక, అడంగలును ముందుగా పీడీఎఫ్‌గా దాచుకొని, పిమ్మట ప్రింటరునకు కలియవలెను.

ఇక కంప్యూటరులోపలి దోషములు. కర్నూలు-కడప కాలువక్రింద వంతునీటి సేద్యము చేయువారికి ఈ సంగతి చెప్పకయే తెలియును: పై తూములో చెత్త యడ్డుపడిన యెడల క్రింది మళ్ళకు నీరందదు. అచ్చునకు పంపిన కాగితములును అట్లే వరుసలో నిలిచియుండును. మొదటిది చిక్కుకొన్నచో వెనుకనున్న పదియు కదలవు. కోపముతో మరల మరల ప్రింటు నొక్కుట చెత్తను పెంచుటయే. వరుసను తెరచి అన్నిటిని రద్దుచేయుడు. రద్దుకానిచో స్టార్టు మెనూలో సర్వీసెస్ అని వెదకి, ప్రింట్ స్పూలర్ అనుదానిని ఆపి, సీ డ్రైవులో విండోస్, సిస్టమ్ 32, స్పూల్, ప్రింటర్స్ అను సంచిలోని ఫైళ్ళను మాత్రము తుడిచివేసి, స్పూలరును తిరిగి ప్రారంభింపవలెను. ఆ సంచిని కాని ప్రక్క సంచులను కాని తుడువరాదు. విండోసు 10 నందు ఆ వరుస కిటికీలోని ప్రింటర్ మెనూలో "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" అను పంక్తికి గురుతుపడి యున్నదేమో కూడ చూడవలెను; పిల్లలు తెలియక నొక్కుచుందురు.

ఒకే ప్రింటరు రెండు పేర్లతో కనబడి, రెండవదాని చివర "కాపీ 1" అని యుండుటయు కలదు. వానిలో నొకటి చనిపోయిన పేరు. బ్రదికియున్నదానిని డిఫాల్టు చేసి రెండవదానిని తీసివేయుడు. ఇన్నిటికిని లొంగనిచో ప్రింటరును కంప్యూటరునుండి పూర్తిగా తొలగించి, తయారుచేసినవారి స్వంత వెబ్‌సైటునుండి డ్రైవరు తెచ్చుకొని, తిరిగి చేర్చవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. "ప్రింటరు ఆఫ్‌లైను" అని ఇంటర్నెట్టులో వెదకినపుడు, ప్రసిద్ధ కంపెనీల పేరు పెట్టుకొని సహాయపు ఫోను నంబరులు కనబడుచుండును. వానిలో మోసగాండ్రవి యనేకములు. పిలిచినచో మీ కంప్యూటరును దూరమునుండి నడుపు యాపును వేయించి, వైరసు లున్నవని బెదరించి, రుసుము కోరుదురు; బ్యాంకు ఖాతాను తెరపించి సొమ్మును లాగుదురు. ప్రింటరుతో వచ్చిన పుస్తకములోని నంబరును తప్ప మరి దేనిని పిలువకుడు. ఓటీపీ నెవ్వరికిని చెప్పకుడు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము నాపుటకు అంత వీలుండును.

రాత్రి యెంత ప్రయత్నించినను ప్రింటరు పలుకనిచో, కాగితములను పీడీఎఫ్‌గా చేసి ఫోనులో నుంచుకొని ప్రొద్దున అంగడికి పోవచ్చును. అచ్చు తీసికొన్న పిమ్మట ఆ అంగడి కంప్యూటరులోను, వారి వాట్సాపులోను మిగిలిన ఆధారు, పాసుపుస్తకపు ప్రతులను మీ యెదుటనే తుడిపింపవలెను.